సుబ్బారావు గారి మాత్ర, మా అమ్మ సందేహం

2012 చివర్లో, నేను ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. అక్కడ శనివారం పొద్దున్న. "ఆశా అమ్మాయి వచ్చి బోదకాలు మాత్రలని ఇచ్చి వెళ్ళిందిరా. ఇంట్లో అందరూ వేసుకోవాలట. మనిషికి మూడు చిన్నవి, ఒకటి నమిలేది. వేసుకోమంటావా?" అని అడిగింది. నాకు సోమవారం మిడ్‌టర్మ్ ఉంది. "మనకి బోదకాలు లేదు కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ, వద్దులే" అన్నాను. అర నిముషం కూడా ఆలోచించలేదు. ఆ మాత్రలు కొన్నాళ్ళు ఫ్రిజ్ మీద ఉండి, తర్వాత చెత్తబుట్టలోకి పోయాయి.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. అమ్మ దృష్టిలో అమెరికాలో చదువుతున్నవాడికి అన్నీ తెలుస్తాయి. తర్వాత చాలా ఏళ్ళకి, ఏదో వెతుకుతూ ఇంకేదో చదువుతుంటే, ఆ మూడు చిన్న మాత్రల పేరు కనబడింది. డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డి.ఇ.సి. దాన్ని తయారుచేసిన పరిశోధనాశాల పెరల్ రివర్‌లో ఉంది. న్యూజెర్సీలో ఇప్పుడు మేముంటున్న ఇంటికి అరగంట దూరం. ఆ పరిశోధనకి అప్పటి డైరెక్టరు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ రాత్రి నాకు కాస్త సిగ్గేసిందని ఒప్పుకోవాలి.

మాది గోదావరి డెల్టాలో ఒక ఊరు. బోదకాలు మాకు కొత్త జబ్బు కాదు. మా చిన్నమ్మమ్మకి, అంటే అమ్మమ్మ చెల్లెలికి, కుడికాలు మోకాలి దాకా వాచి ఉండేది. ఎప్పుడూ చీర కుచ్చిళ్ళు ఆ కాలి మీదకి లాక్కుని కూర్చునేది. పెళ్ళిళ్ళకి వచ్చేది కాదు, వచ్చినా వంటింటి వైపే ఉండిపోయేది. మా ఇంట్లో ఉన్న ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆవిడ నిలబడి లేదు. రెండు మూడు నెలలకోసారి గజ్జల్లో బిళ్ళకట్టి, వణుకుతో జ్వరం వచ్చి, నాలుగు రోజులు మంచం దిగేది కాదు. అది వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావయ్యేది. "దానికి మందు లేదురా" అనేవాళ్ళు పెద్దలు. పిల్లలం మేమూ అదే నమ్మాం. పల్లెల్లో మగవాళ్ళకి ఇదే పురుగు వల్ల వచ్చే వరిబీజం గురించయితే ఎవరూ పైకి మాట్లాడేవారే కాదు, ఎగతాళికి తప్ప.

ఇంతకీ ఈ జబ్బు ఎలా వస్తుంది? మురుగు నీళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. సన్నటి దారాల్లాంటి పురుగులు మన శరీరంలో శోషరసం పారే నాళాల్లో చేరి ఆరు నుంచి ఎనిమిదేళ్ళ దాకా బతుకుతాయి. అవి పెట్టే లక్షల పిల్లలు రాత్రి వేళ, దోమ కుట్టే సమయానికి, పైరక్తంలోకి వస్తాయి. చిన్నప్పుడు మా ఊళ్ళో ఫైలేరియా వాళ్ళు రాత్రి పదింటి తర్వాత తలుపు కొట్టి వేలి మీద సూది గుచ్చి రక్తం తీసుకుపోయేవాళ్ళు. నిద్దట్లో లేపి మరీ ఎందుకు గుచ్చుతారని అప్పట్లో చాలా కోపం వచ్చేది. కారణం ఇదన్నమాట. దోమ ఒక్కసారి కుడితే ఈ జబ్బు రాదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కుడితే వస్తుంది. కాబట్టి రెండు వారాల సెలవుకి వెళ్ళివచ్చే మనం బెంగపడక్కర్లేదు. అక్కడే ఉండేవాళ్ళ సంగతి వేరు.

అందరం పొరబడే చోటు ఇంకొకటి ఉంది. కాలు వాచినవాళ్ళ వల్ల జబ్బు వ్యాపిస్తుందనుకుంటాం. నిజానికి చిన్నమ్మమ్మ లాంటి ముదిరిన రోగుల రక్తంలో చాలాసార్లు ఆ పురుగు పిల్లలే కనబడవు. వాటిని రక్తంలో మోస్తూ ఊరికంతా పంచేది పైకి ఏ లక్షణమూ లేని మనుషులు. పొలం పోయేవాడు, బడికెళ్ళే పిల్ల, స్కూటర్ మీద బ్యాంకుకెళ్ళే మా నాన్న, ఎవరైనా కావచ్చు. అందుకే మాత్రలు ఊరందరికీ ఇస్తారు. "మనకి బోదకాలు లేదు కదా" అని నేను చెప్పిన కారణమే అందరికంటే పనికిమాలిన కారణమన్నమాట.

మందు కథకి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసిన అమెరికన్ సైనికులకి వేల సంఖ్యలో ఫైలేరియా సోకింది. అప్పటికి దానికి సరైన మందు లేదు. లెడర్లీ కంపెనీలో 1940 నుంచి పరిశోధన నడిపిస్తున్న సుబ్బారావు గారి బృందం ఎలుకల్లో ఇలాంటి పురుగునే పెంచి, ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలు పరీక్షించి, 1947లో డి.ఇ.సి.ని బయటపెట్టింది. హెట్రజాన్ పేరుతో అమ్మారు. ఆ ఏడాదే ప్యూర్టోరికోలో రోగులకిచ్చి చూశారు, పనిచేసింది. మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన పోయారు. మన సభల్లో అప్పుడప్పుడూ వినబడేట్టు ఇదంతా ఆయన ఒక్క చేత్తో చేశారనడం సరికాదు. హ్యూవిట్, కుష్నర్ వంటివారి పేర్లు కూడా ఆ పరిశోధన పత్రం మీద ఉన్నాయి. జట్టుని కట్టి నడిపించడం తక్కువ పనేమీ కాదు. ఆఫీసులో రోజూ చూస్తూనే ఉన్నాం కదా!

ఆ మందు పాతబడి మూలపడలేదు. ఇప్పటికీ బోదకాలు నిర్మూలనకి అదే ఆధారం. జపాన్ కంపెనీ ఐసాయ్ 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకి డి.ఇ.సి. మాత్రలు ఉచితంగా ఇస్తోంది. 200 కోట్లకు పైగా ఇచ్చింది. ఆ మాత్రలు తయారయ్యేది ఎక్కడో కాదు, విశాఖపట్నంలో. భీమవరంలో పుట్టినాయన పెరల్ రివర్‌లో కనిపెట్టించిన మందు విశాఖలో తయారై ప్రపంచం చుట్టి వస్తోంది.

మరి మందుంది, ఉచితంగా ఇస్తున్నారు, ఇంటికే తెచ్చిస్తున్నారు. అయినా ప్రపంచంలోని బోదకాలు భారంలో దాదాపు 40 శాతం ఇండియాలోనే ఎందుకుంది?

గడువులు చూస్తే మన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులే నయమనిపిస్తుంది. ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఊరందరికీ ఏడాదికోసారి మాత్రలు మింగించే పద్ధతి 2004 నుంచి దేశవ్యాప్తంగా వచ్చింది. 2002 ఆరోగ్య విధానం 2015 కల్లా నిర్మూలిస్తామంది. 2017 విధానం 2017 కల్లా అంది. ప్రపంచమంతా పెట్టుకున్న గడువు 2020, అదీ దాటిపోయింది. ఇప్పుడు ప్రపంచ లక్ష్యం 2030 అయితే, ఇండియా దానికి మూడేళ్ళ ముందే, 2027కే పూర్తి చేస్తానని 2023లో ప్రకటించింది. జబ్బున్న 345 జిల్లాల్లో దాదాపు 140 జిల్లాలు మాత్రల పంపిణీ ఆపి, ఆ తర్వాత బడి పిల్లల రక్తపరీక్షలో మొదటిసారి నెగ్గాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ మిగిలినవి సగానికి పైనే. 2025 ఫిబ్రవరిలో 13 రాష్ట్రాల్లో 111 జిల్లాల్లో పదిహేడున్నర కోట్ల మందికి మాత్రలివ్వాలని బయల్దేరారు. ఒక్క విడతలో అమెరికా జనాభాలో సగం మందికి మందు మింగించాలి. దేశంలో కాళ్ళూ చేతులూ వాచినవాళ్ళు ఆరు లక్షల పైన, వరిబీజం ఉన్నవాళ్ళు లక్ష పైన ఉన్నారు.

లెక్క ఇలా పనిచేస్తుంది. డి.ఇ.సి. రక్తంలోని పిల్ల పురుగుల్ని బాగా చంపుతుంది, పెద్దవాటిని కొంతమేరకే చంపుతుంది. కాబట్టి పెద్ద పురుగులు ముసలివై చచ్చేదాకా, అంటే ఐదారేళ్ళపాటు, ఏటా ఒకసారి రక్తాన్ని శుభ్రం చేస్తూ పోతే దోమకి మోసుకెళ్ళడానికేమీ దొరకదు. గొలుసు తెగుతుంది. దానికి ఊరి జనాభాలో కనీసం 65 శాతం మంది మింగాలి. తీసుకుంటే చాలదు, మింగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

మనం రాసే ప్రోగ్రాముల్లో మెసేజ్ పంపడం వేరు, అవతలివాడు అందుకుని ఆ పని చేశానని తిరిగి చెప్పడం వేరు. పంపినవి మాత్రమే లెక్కపెట్టుకుని అంతా బావుందని రిపోర్టిస్తే మేనేజరు ఊరుకోడు. మాత్రల విషయంలో చాలా ఏళ్ళు జరిగింది అదే. ఇండియాలో జరిగిన ఇలాంటి విడతల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో ఒక సమీక్ష వచ్చింది. కొన్నిచోట్ల మాత్రలు 98 శాతం మందికి అందాయి. మింగినవాళ్ళు మాత్రం కొన్నిచోట్ల 21 శాతమే. పరిశీలించిన 31 విడతల్లో పదింటిలోనే 65 శాతం దాటింది. మిగతా మాత్రలన్నీ ఎక్కడికి వెళ్ళాయంటే, మా ఫ్రిజ్ మీదకి.

జనం ఎందుకు మింగరు? ఒంట్లో బావున్నప్పుడు మందేమిటన్నది మొదటి కారణం. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తాయి. ఒక ఊళ్ళో పదిమందికి అలా అయిందంటే పక్క ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు. చాలాసార్లు ఆ ఇబ్బంది రక్తంలో పురుగులు చస్తున్నందువల్ల వచ్చేదే. ఒకటి రెండు రోజుల్లో పోతుంది, మందు పనిచేస్తోందనడానికి గుర్తు కూడా. ఈ ముక్క ముందే విడమరిచి చెప్పే మనిషుంటే జనం భయపడరు. చెప్పకుండా మాత్రలు చేతిలో పెట్టి పోతే భయపడతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు, గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, జబ్బుతో మంచాన ఉన్నవాళ్ళకీ ఇవ్వరు. ఇవన్నీ గుమ్మం దగ్గర అడిగి తెలుసుకోవలసినవి.

ఇంకో కారణం మనవాళ్ళకి నచ్చకపోవచ్చు. "గవర్నమెంటు మాత్రలు మనకెందుకు" అనే చిన్నచూపు పట్నాల్లో, చదువుకున్న ఇళ్ళల్లో ఎక్కువ. గుడిసెల్లో ఆశా వర్కరు చెప్పిన మాట వింటారు. మేడ ఇంట్లో గేటు దగ్గరే ఆపి, "మా అబ్బాయిని అడిగి వేసుకుంటాం" అంటారు. ఆ అబ్బాయి న్యూజెర్సీలోనో, డల్లాస్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటాడు. ఇంజనీరై ఉంటాడు. దోమకి మేడా గుడిసే తేడా తెలియదు, పైగా మేడలకే సెప్టిక్ ట్యాంకులుంటాయి!

ఈ పదేళ్ళలో పద్ధతి కొంత మారింది. 2018లో బీహార్‌లోని అర్వల్ జిల్లాతో మొదలుపెట్టి కొన్ని జిల్లాల్లో డి.ఇ.సి., ఆల్బెండజోల్‌కి తోడు ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. దీనివల్ల రక్తం ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది, తక్కువ విడతలు సరిపోతాయి. దాంతోపాటు మాత్రలు చేతిలో పెట్టి వెళ్ళిపోకుండా, ఎదురుగా మింగేదాకా నిలబడమని కార్యకర్తలకి చెబుతున్నారు. నా మట్టుకు నాకు మూడో మందు కంటే ఈ నిలబడడమే పెద్ద మార్పు అనిపిస్తుంది. పక్కనున్న శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బుని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. శ్రీలంక ఐదు విడతల్లో, 2002 నుంచి 2006 లోపు, మాత్రలివ్వడం పూర్తిచేసింది. వాళ్ళకి వేరే మందేమీ లేదు.

జబ్బు వచ్చేసినవాళ్ళ సంగతేమిటి? చిన్నమ్మమ్మ గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఆవిడకొచ్చే ఆ జ్వరాలు చాలావరకు పురుగు వల్ల వచ్చేవి కావు. వాచిన కాలి వేళ్ళ సందుల్లో పాసి, పగిలి, అక్కడినుంచి బాక్టీరియా లోపలికి పోవడం వల్ల వచ్చేవి. బ్రెజిల్‌లోని రెసీఫేలో గెరూసా డ్రేయర్ అనే డాక్టరు దీన్ని రుజువు చేసి చూపించారు. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టి, పగుళ్ళకి మందు రాసి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరాలు బాగా తగ్గిపోతాయి, వాపు పెరగడం ఆగుతుంది. కేరళలోని కాసరగోడ్‌లో డాక్టర్ ఎస్.ఆర్. నరహరి స్థాపించిన సంస్థ ఈ శుభ్రతకి ఆయుర్వేదం, యోగా, కట్టు కట్టే పద్ధతి జోడించి వాచిన కాళ్ళని తగ్గించి చూపిస్తోంది. ఒక బకెట్ నీళ్ళు, ఒక సబ్బు, ఒక తువ్వాలు. మా ఇంట్లో ఈ మూడూ ఉండేవి. చెప్పిన మనిషే లేడు.

పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధనా కేంద్రంలో కె.డి. రామయ్య అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఊరూరా తిరిగి ఈ జబ్బు వల్ల ఎన్ని పనిదినాలు పోతున్నాయో లెక్కగట్టారు. వైద్యం ఖర్చూ, పోయిన కూలీ కలిపి దేశానికి ఏటా 84 కోట్ల డాలర్ల నష్టమని 2000లో తేల్చారు. ఆ లెక్క ముందుంటే ఏడాదికోసారి మనిషికి నాలుగు మాత్రలివ్వడం ఎంత చవకో ఎవరికైనా అర్థమవుతుంది. ఈమధ్య ప్రభుత్వాలు పెన్షన్లు కూడా ఇస్తున్నాయి. తెలంగాణలో బోదకాలు బాధితులకి 2019లో నెలకి 2,016 రూపాయలకి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు కాళ్ళకీ నాలుగో దశ వాపు ఉన్నవారికి 2024లో 5 వేల నుంచి 10 వేలు చేశారు. మంచిదే. అయితే పెన్షన్ తోపాటు కాలు ఎలా కడుక్కోవాలో చూపించే మనిషి కూడా నెలకోసారి వెళితే బావుంటుంది.

ఆ మనిషి మళ్ళీ ఆశా వర్కరే. 2005లో వచ్చిన ఈ ఏర్పాటులో ఇప్పుడు దాదాపు పది లక్షల మంది ఆడవాళ్ళున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్ళందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. కాన్పులు, టీకాలు, టి.బి. మందులు, కోవిడ్ సర్వే, బోదకాలు మాత్రలు, అన్నీ ఆ ఒక్క సంచిలోనే.

కిందటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు మా వీధి ఆశా వర్కరు కనిపించింది. 2012లో మాత్రలిచ్చింది ఆవిడే. అప్పటి సంగతి చెప్పి, "మా వాళ్ళు వేసుకోలేదండీ, నేనే వద్దన్నాను" అని ఒప్పేసుకున్నాను. ఆవిడ నవ్వింది.

"తెలుసండి. మీ అమ్మగారు మిమ్మల్నడిగి వేసుకుంటానన్నారు. సాయంత్రంలోగా పుస్తకం అప్పజెప్పాలి కదండీ, వేసుకున్నట్టే రాసేశాను. ఆ వీధిలో సగం ఇళ్ళు అంతేనండి."

"మరి నిజం రాస్తే?"

"రాస్తే మళ్ళీ వెళ్ళి ఇప్పించమంటారు. మళ్ళీ వెళితే గేటు తియ్యరండి. అప్పుడు తిట్లు తినేది నేనే కదండీ."

నేను మాట్లాడలేదు. ఆ పుస్తకంలో అబద్ధం రాసింది ఆవిడే అయినా, రాయించింది మా ఇల్లు.

మన సంఘాల్లో ఏటా ఆరోగ్యం పేరు మీద విరాళాలు పోగుచేస్తాం. హాస్పిటల్‌కి గది, డయాలసిస్ మిషను, మెడికల్ క్యాంపు. నేనూ ఇచ్చాను, ఇస్తాను. వాటి మీద పేరు రాయించుకోవచ్చు, ఫోటో దిగొచ్చు. గుమ్మం దగ్గర మూడు నిముషాలు నిలబడి ఒక పెద్దావిడకి నచ్చజెప్పే పనికి శిలాఫలకం పెట్టలేం. అయినా ఆ పనిలో డబ్బుతో సంబంధం లేని భాగం ఒకటి మన చేతుల్లోనే ఉంది. ఇంటినుంచి ఫోనొచ్చినప్పుడు మనం చెప్పే జవాబు. అది తెలియకపోతే "నాకు తెలీదమ్మా, ఆ అమ్మాయినే అడుగు, బి.పి., షుగర్ మాత్రల సంగతి పి.హెచ్.సి. డాక్టరుకి చెప్పు" అనొచ్చు. అంతకంటే పెద్ద వైద్యసలహా ఇచ్చే అర్హత మనలో చాలామందికి లేదు, నాకసలే లేదు.

2025 ఫిబ్రవరిలో ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు, బీహార్ వాడు, లంచ్ దగ్గర ఫోన్ చూపించాడు. ఊరినుంచి వాళ్ళమ్మ ఫోటో పంపింది. అరచేతిలో మాత్రలు. "ఫైలేరియా అట. మా ఇంట్లో ఎవరికీ లేదు. వద్దని చెప్పనా?" అన్నాడు.

నాకు తెలిసిందంతా చెప్పాను. ఎవరు వేసుకోకూడదో ఆశా వర్కరుని అడగమన్నాను. అన్నం తిన్నాక, ఆవిడ ఎదురుగానే వేసుకోమన్నాను. పెరల్ రివర్ సంగతి కూడా చెప్పాను, పార్క్‌వే మీద ఉత్తరానికి పోతే దగ్గరేనని. వాడు నమ్మలేదు, అక్కడికక్కడే ఫోన్‌లో వెతికి చూసుకున్నాడు.

మర్నాడు కనబడితే అడిగాను. వాళ్ళమ్మ, చెల్లెలు వేసుకున్నారట. చెల్లెలికి రాత్రి కాస్త తలనొప్పి వచ్చి తగ్గిందట. వాళ్ళ నాన్న మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాడట. ఆశా వర్కరు సాయంత్రం మళ్ళీ వస్తానందిట.